అమెరికన్ నాటకంలో మగాళ్ల గాయాలు: అపోహలు - వాస్తవాలు

పీజీ క్లాసులకు అమెరికన్ డ్రామా చెబుతుంటాను. పేపర్లు దిద్దేటప్పుడు ఏటా తప్పకుండా తగిలే మాట ‘ట్రామా’, అంటే మనిషిని లోపల్నుంచి వెంటాడే గాయం. దాని పక్కనే ‘మాస్క్యులినిటీ’, అంటే మగతనం. ఈ రెండూ రాస్తే మార్కులు పడతాయని పిల్లలకు ఎవరు చెప్పారో గానీ, చాలా పేపర్లలో నాటకం చదివిన ఆనవాలు మాత్రం ఉండదు. పదే పదే ఎదురయ్యే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ట్రామా అంటే యుద్ధంలో తగిలే గాయం.

అలాంటి నాటకాలు లేకపోలేదు. వియత్నాంలో సైనికుడిగా ఉండి వచ్చిన డేవిడ్ రేబ్ రాసిన ‘స్టిక్స్ అండ్ బోన్స్’ను 1971లో న్యూయార్క్‌లో ఆడారు. చూపు పోయి ఇల్లు చేరిన కొడుకుతో ఎలా మెలగాలో తెలియని కుటుంబం కథ అది. ఇలాంటి గాయం మనసు మీద మిగిల్చే జబ్బుకు పెట్టిన పీటీఎస్‌డీ అనే పేరు డాక్టర్ల మాన్యువల్‌లోకి ఎక్కింది ఆ తర్వాత, 1980లో.

కానీ ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ (1949)లో తుపాకీ మోతే లేదు. 63 ఏళ్ల విల్లీ లోమన్ తన బాస్ ముందు నిలబడతాడు. ఆ బాస్ పుట్టినప్పుడు హోవర్డ్ అన్న పేరు ఎలా ఉందని వాళ్ల నాన్న అడిగింది ఈ విల్లీనే. ఇక ఊళ్లు తిరిగి సరుకు అమ్మలేను, ఊళ్లోనే పని ఇవ్వమంటాడు. వారానికి 65 డాలర్లు అడుగుతాడు. కాసేపటికి 50 చాలంటాడు. ఆఖరికి 40. క్లాసులో ఈ మూడు అంకెలూ బోర్డు మీద రాసి కాసేపు ఊరుకుంటాను. అదే విల్లీ పక్కింటి చార్లీ దగ్గర అప్పు తీసుకుంటాడు గానీ, చార్లీ వారానికి 50 డాలర్ల ఉద్యోగం ఇస్తానంటే మాత్రం వద్దంటాడు. అప్పైతే తీర్చేస్తానని చెప్పుకోవచ్చు. చార్లీ కింద పనికి చేరితే తను ఓడిపోయినట్టు ఒప్పుకోవాలి.

అపోహ: గాయపడ్డ మగాడు నోరు విప్పడు.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. ఈ నాటకాల్లో మగాళ్లు వాగుతూనే ఉంటారు! ఆగస్ట్ విల్సన్ ‘ఫెన్సెస్’లో ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు ట్రాయ్ మాక్సన్ సంగతే చూడండి. 1957, పిట్స్‌బర్గ్, చెత్త బండి మీద ఉద్యోగం. శుక్రవారం జీతం అందగానే జిన్ సీసా తెరిచి, న్యుమోనియా వచ్చినప్పుడు చావుతోనే కుస్తీ పట్టానని కథ చెబుతాడు. తండ్రి చావబాదితే 14 ఏళ్లకే ఇల్లు వదిలిన సంగతీ కథలాగే చెబుతాడు. చెప్పనిది ఒక్కటే: నల్లవాళ్లను అమెరికాలో అన్నిటికన్నా పెద్ద పోటీలైన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోకి రానిచ్చేసరికి తన వయసు దాటిపోయిందన్న మాట. రంగు వల్లే రానివ్వలేదని గట్టిగా పట్టుకుంటాడు. అందులో నిజమూ ఉంది, అందుకే ఆ పట్టు వదలదు. ఆ పట్టుతోనే కొడుకు కోరీకి ఫుట్‌బాల్ ద్వారా వచ్చే కాలేజీ చదువును చెడగొడతాడు.

నేనంటే నీకెందుకు ఇష్టం లేదని కోరీ సూటిగా అడుగుతాడు. ట్రాయ్ తిండి, మంచం, బట్టలు లెక్కపెడతాడు. నిన్ను పోషించడం నా బాధ్యత, ఇష్టపడాలని ఎవరన్నారు అంటాడు. అడిగింది ఒకటి, చెప్పింది ఇంకోటి.

అపోహ: గతం చూపించారంటే రచయిత ఆ మనిషిని క్షమించినట్టే.

ఈ తప్పు నేనూ చేశాను. ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ (1947)లో స్టాన్లీ ఇటలీలోని సలెర్నో యుద్ధం నుంచి బతికొచ్చినవాడు, అందుకే ఆ మొరటుదనం అని కొత్తలో పాఠం చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, “మేడమ్, భార్య స్టెల్లా కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడు కదా?” అంది. ఇంటికెళ్లి మళ్లీ చదివాను. స్టాన్లీ సలెర్నో మాట ఎత్తేది చివరి సీన్‌లో, పేకాట బల్ల దగ్గర, అదృష్టం గురించి గొప్పలు పోతూ. అప్పటికే అతను స్టెల్లా అక్క బ్లాంచ్‌ను చెరిచాడు. కాసేపట్లో ఆమెను పిచ్చాసుపత్రికి తీసుకెళ్తారు. నాటకం రాసిన టెనెసీ విలియమ్స్ ఆ మాటను ఎక్కడ పెట్టాడో చూడకుండా పాఠం చెప్పేశాను.

అపోహ: ఇదంతా మగ రచయితల గోల.

సుజాన్-లోరీ పార్క్స్ రాసిన ‘టాప్‌డాగ్/అండర్‌డాగ్’ 2002లో పులిట్జర్ గెలిచింది. నాటకానికి ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆమె. వదిలేసి పోయిన అమ్మ ఇచ్చిన 500 డాలర్ల మూటను విప్పకుండా దాచుకున్న తమ్ముడు, పేకాటలో దాన్ని గెలిచి విప్పబోయిన అన్నను కాల్చేస్తాడు. ముందు ఇది చదవండి, తర్వాత మాట్లాడుకుందాం.

అపోహ: మనసు విప్పి చెప్పుకుంటే గాయం మానుతుంది.

యూజీన్ ఓ'నీల్ ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్’ నాలుగో అంకం. అర్ధరాత్రి. క్షయ వచ్చిన కొడుకును చవక ఆసుపత్రికి పంపాలని చూస్తున్న ముసలి టైరోన్, పిసినారి అన్న మాట పడలేక షాండ్లియర్‌లోని మూడు బల్బులూ వెలిగిస్తాడు. పదేళ్ల వయసులో రోజుకు 12 గంటలు, వారానికి 50 సెంట్లకు మెషిన్ షాపులో పనిచేసిన సంగతి, డబ్బు భయంతో నటుడిగా తనను తాను పాడుచేసుకున్న సంగతి చెబుతాడు. ఎవరికీ చెప్పని మాటలవి. కొడుకు కరిగిపోతాడు. తండ్రి లేచి, ఈ వెలుగు కళ్లకు గుచ్చుకుంటోంది, కరెంటు కంపెనీ జేబులు ఎందుకు నింపడం అంటూ ఒక్కో బల్బూ ఆర్పేస్తాడు.