పెద్ద ఇంజన్ పెట్టే ముందు ఇది చదవండి

పిల్లలూ,

మీ రిమోట్ తో నడిచే నైట్రో ట్రక్కులో (ఫ్యూయల్ పోసి నడిపే బొమ్మ బండిలో) ఉన్న చిన్న .15 ఇంజన్ పీకేసి పెద్ద .21 పెడతాం, ఏమంటావ్ తాతయ్యా అని అడిగారు కదా. వద్దనను, ఆ పిచ్చి నాకూ ఉంది. కానీ ఒక్కటి అడుగుతా, ఇప్పుడున్న బండిని కచ్చితంగా ఆపగలరా? బ్రేక్ సంగతి కాదు నేనడిగేది, రిమోట్ పనిచేయకపోతే దాన్నెవరు ఆపుతారు అని.

నా బండి ఒకసారి అలాగే పోయింది. బండిలో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ బ్యాటరీ చార్జింగ్ చూసుకోలేదు, ఫుల్ థ్రాటిల్ లో ఉండగా సర్వో, అంటే థ్రాటిల్ ని, బ్రేక్ ని కదిపే చిన్న మోటారు, అక్కడే బిగుసుకుపోయింది, రిమోట్ నా చేతిలోనే ఉంది గానీ బండి మాత్రం నా మాట వినట్లేదు, తిన్నగా పోయి గోడకి కొట్టుకుంది. మధ్యలో మనిషి ఎవరూ లేరు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నా. ఎలక్ట్రిక్ బండి అయితే బ్యాటరీ చచ్చాక దానంతటదే నెమ్మదిస్తుంది, నైట్రో అలా కాదు, ట్యాంకులో చుక్క ఉన్నంతసేపూ పరిగెడుతూనే ఉంటుంది. అది మీ మీదకొస్తుంటే కాలు అడ్డం పెట్టకండి.

అందుకే ఫెయిల్ సేఫ్ సెట్ చేయండి ముందు. సిగ్నల్ పోతే సర్వోని బ్రేక్ వైపు లాగేది అదే. కొన్ని రిసీవర్లలో ఉండేది సిగ్నల్ పోతేనే పనిచేస్తుంది, బ్యాటరీ వోల్టేజ్ పడిపోతే పట్టించుకోదు, దానికి విడిగా చిన్న మాడ్యూల్ దొరుకుతుంది, పెట్టుకోండి. టెస్ట్ ఎలాగంటే ఇంజన్ ఆఫ్ లో, చక్రాలు గాల్లో ఉండగా థ్రాటిల్ నొక్కి పట్టుకుని రిమోట్ ఆఫ్ చేసేయండి, కార్బ్యురేటర్ మూసుకుంటే పాస్ అయినట్టే. కార్బ్యురేటర్ కి చిన్న రిటర్న్ స్ప్రింగ్ కూడా తగిలించండి, సర్వోని కార్బ్యురేటర్ కి కలిపే లింకేజ్ కడ్డీ ఊడినా మూసుకుంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ముందు రిమోట్ ఆన్, తర్వాత రిసీవర్. ఆపేటప్పుడు తిరగేసి చేయాలి.

ఇంక ఫ్యూయల్. మెథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపిన ద్రవం అది. రంగు చూస్తే కూల్ డ్రింకే అనుకుంటారు చిన్నపిల్లలు, కొంచెం మింగినా కళ్ళు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు, కాబట్టి మూత బిగించి పై అరలో. చర్మం మీద పడితే వెంటనే కడుక్కోండి. మెథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనపడదు, వేడి తగిలాకే తెలుస్తుంది, అందుకే ఇంజన్ చల్లారాక పోయండి, అగ్గి దగ్గర్లో ఉండకూడదు. మూసిన గదిలో అస్సలు స్టార్ట్ చేయొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

ఇప్పుడు మీకిష్టమైన ఇంజన్ దగ్గరికొద్దాం. .15 అంటే ఘనపు అంగుళాల లెక్క, సుమారు 2.5 సీసీ, .21 అంటే 3.5 సీసీ. బ్లాక్ సైజే వేరు, మౌంట్లు మార్చాలి, ఆ తర్వాత క్లచ్ తట్టుకోదు, తర్వాత చక్రాలకి పవర్ పంచే డిఫరెన్షియల్ పళ్ళు రాలతాయి, తర్వాత డ్రైవ్ షాఫ్ట్. కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టవుద్ది.

అసలు ఉన్న ఇంజన్ నుంచే సగం మంది పూర్తి పవర్ తీయట్లేదు. నీడిల్ సంగతి చెప్తా, అంటే కార్బ్యురేటర్ లో ఫ్యూయల్ ఎంత పోవాలో సరిచేసే మర, ఇది జాగ్రత్తగా వినండి. హై స్పీడ్ నీడిల్ బిగిస్తే ఫ్యూయల్ తగ్గి బండి ఇంకా గట్టిగా లాగుతుంది, దాంతో ఇంకొంచెం బిగించాలనిపిస్తుంది. కానీ ఈ ఇంజన్ కి విడిగా ఆయిల్ లేదు, ఫ్యూయల్ లో కలిసి వచ్చేదే ఆయిల్, ఫ్యూయల్ తగ్గిందంటే ఆయిలూ తగ్గింది, వేడి పెరిగి పిస్టన్, అది కదిలే స్లీవ్ (సిలిండర్ లోపలి గొట్టం) అరిగిపోతాయి. గడియారంలో ముల్లు ఒక గంట జరిగినంత మాత్రమే తిప్పి, ఒక రౌండ్ నడిపి, సైలెన్సర్ నుంచి సన్నగా పొగ వస్తోందా చూసుకోండి. పొగ లేదంటే వెంటనే వెనక్కి తిప్పండి. ఇంజన్ హెడ్ (పైభాగం) మీద ఫ్యూయల్ అంటించే గ్లో ప్లగ్ దగ్గర టెంపరేచర్ గన్ పెడితే సుమారు 100 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గన్ లేకపోతే హెడ్ మీద నీటి చుక్క వేయండి, రెండు మూడు సెకన్లలో సుర్రున ఆవిరైతే పర్వాలేదు, పడగానే మాయమైతే బాగా వేడెక్కినట్టు.

ఫ్యూయల్ లో 20 శాతం నైట్రో నుంచి 30కి వెళ్తే పవర్ వస్తుంది నిజమే, ఎందుకంటే నైట్రోమీథేన్ లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఎక్కువ ఫ్యూయల్ మండుతుంది. కానీ నీడిల్ కొంచెం వదలాలి, ఒక్కోసారి హెడ్ కింద ఒక షిమ్ (పల్చటి రింగు) కూడా వేయాలి. ట్యూన్డ్ పైప్ అనే ప్రత్యేకమైన సైలెన్సర్ కూడా మంచిదే, బయటికి పారిపోతున్న తాజా మిశ్రమాన్ని ప్రెషర్ తో మళ్ళీ సిలిండర్ లోకి తోస్తుంది. ఎయిర్ ఫిల్టర్ కి నూనె పట్టించకుండా మాత్రం ఏ అప్‌గ్రేడూ చేయకండి, దుమ్ము ఒక్కసారి లోపలికెళ్తే ఇంజన్ షెడ్డుకే.

ఇదంతా చేశాక కూడా .21 కావాలనిపిస్తే కొనండి. కొత్తది తెచ్చిన రోజే రేసు పెట్టకండి మళ్ళీ, మొదటి కొన్ని ట్యాంకులు నీడిల్ వదిలి రిచ్ గా, అంటే ఫ్యూయల్ ఎక్కువగా పోయేలా, పొగ కక్కుతూ నడవాలి, ప్రతి ట్యాంకు తర్వాత పిస్టన్ కిందికి దించి చల్లారనివ్వాలి. పైన స్లీవ్ ఇరుకుగా ఉంటుంది, పిస్టన్ అక్కడే ఉండి చల్లారితే పట్టేస్తుంది.

ఫెయిల్ సేఫ్ టెస్ట్ చేసి వీడియో తీసి పంపండి, అది చూశాకే ఇంజన్ డబ్బుల గురించి మాట్లాడదాం.

మీ తాతయ్య