ఆషాఢం డిస్కౌంటు వెనక వడ్డీ లెక్క

పిల్లలూ,

ఆషాఢంలో ఒంగోలు బట్టల కొట్లలో సగం ధరకే చీరలిస్తే కొట్టాయనకు ఏం మిగులుతుంది తాతయ్యా అని అడిగారు. ఫోన్లో చెబితే సగం పోతుందని ఉత్తరం రాస్తున్నా.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, బేరాలు తగ్గుతాయి, అది మీకు తెలిసిందే. మీకు తెలియంది ఏందంటే, ఆ బీరువాల్లో సరుకు చాలాచోట్ల బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్టు, అంటే పరిమితి దాకా కావలసినప్పుడు తీసుకునే అప్పు) డబ్బుతో తెచ్చింది. చీర అమ్ముడుపోయినా పోకపోయినా వడ్డీ మాత్రం ఆగదు. పాత సరుకు తక్కువకైనా వదిలించుకుంటే అప్పు తగ్గుతుంది, శ్రావణం పెళ్ళిళ్ళకు కొత్త సరుకు దించొచ్చు. (ముందు ధర పెంచి తర్వాత తగ్గించే కొట్లూ ఉన్నాయి, వాటి సంగతి వేరు.)

ఇంకో డిస్కౌంటు మనకు కనపడదు, అది వ్యాపారుల మధ్య నడుస్తుంది. హోల్‌సేల్ వాళ్ళు నెల గడువు మీద సరుకిస్తూ, వెంటనే కడితే నూటికి రెండు రూపాయలు తగ్గిస్తామంటారు. రెండేగా అనిపిస్తుంది. కానీ నెలకు నూటికి రెండంటే మన ఊళ్ళో చెప్పుకునే రెండు రూపాయల వడ్డీయే, అంటే ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయల సరుకు తీసుకున్నాయనకు 10 శాతం వడ్డీకి ఓడీ ఉందనుకోండి, 98,000 తీసి ఆ రోజే కట్టేస్తాడు. నెలకు బ్యాంకు వడ్డీ 817 రూపాయలు, తగ్గింపు 2,000, చేతిలో 1,183 మిగిలింది. పక్క కొట్టతనికి బ్యాంకులో అప్పు పుట్టదు, గడువు దాకా ఆగి లక్షా కడతాడు. ఇద్దరూ ఒకే ధరకు అమ్మాలంటే ఎవరు నిలబడతారో మీరే చెప్పండి.

రైతు దగ్గరా ఇదే లెక్క. నెల్లూరు వైపు ధాన్యం పుట్టి లెక్కన అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి 20,000 అనుకుందాం, నెలాగితే ఆ ధర ఇస్తా, ఇవాళే డబ్బు కావాలంటే 500 కోస్తానన్నాడు వ్యాపారి. 20 పుట్లకు 10,000 పోయినట్టే. ఇవాళే అమ్మితే చేతికొచ్చే ఆ 3,90,000 బంగారం మీద 9 శాతానికి బ్యాంకులో తెచ్చుకుని నెలాగితే వడ్డీ 2,925. ఆగడమే లాభం, కానీ ఈలోగా ఆ వ్యాపారి ఐపీ పెడితే, అంటే దివాలా తీస్తే, మొత్తం పోతుంది, అందుకే తక్కువకిచ్చి డబ్బు చేతిలో పెట్టుకున్న రైతును తెలివితక్కువవాడని అనకండి.

నన్ను బాధపెట్టేది కౌలు రైతు సంగతి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణం 3 లక్షల దాకా 7 శాతానికి దొరుకుతుంది, గడువులోగా కట్టేస్తే ఇంకో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. సొంత పొలం ఉన్నాయనకు ఇది అందుతుంది. పాస్ పుస్తకం లేని కౌలుదారుకు బ్యాంకులో ఇది పుట్టడం కష్టం, బయట రెండు మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు, ఆ అప్పు తీర్చాలనే తొందరలో పంటనూ తక్కువకే ఇస్తాడు. పెట్టుబడిలో ఒకసారి, అమ్మకంలో ఒకసారి, రెండుచోట్లా నష్టపోయేది ఆయనే.

ఇక మీ ఇంటి లోను. రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 2020 మేలో 4 శాతం, 2023 ఫిబ్రవరికి 6.50 అయింది. దాంతో ఇంటి లోన్ల వడ్డీలూ పెరిగాయి. 20 లక్షలు 20 ఏళ్ళకు తీసుకున్న ఇంటికి వడ్డీ 7 నుంచి 9.5కి పెరిగితే ఈఎంఐ 15,500 చిల్లర నుంచి 18,600 దాటుతుంది. చాలా బ్యాంకులు ఈఎంఐ కదపకుండా ఏళ్ళు పొడిగిస్తాయి, అందుకే మీ నాన్నకు అది వెంటనే తెలియలేదు. ఈఎంఐ పెరిగిన ఇళ్ళలో ఆ మూడు వేలూ బట్టల కొట్టుకు వెళ్ళవు, అప్పుడు కొట్టాయన డిస్కౌంటు బోర్డు ఇంకాస్త పెద్దది కడతాడు.

పెద్దోడు అడిగిన ఫోన్ సంగతి. వడ్డీ లేదంటూ నెలకు 3,000 చొప్పున ఆరు నెలలు, మొత్తం 18,000 అన్నారట. అదే ఫోన్ డబ్బంతా ఒకేసారి ఇస్తే 17,000కు వస్తుంటే ఆ వెయ్యీ వడ్డీయే, ఏడాదికి సుమారు 20 శాతం పడుతుంది. సున్నా వడ్డీ పథకాలు వద్దని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నగదు ధరెంతో కొట్లో గట్టిగా అడిగి కనుక్కో నాన్నా, అదెంతో చెబితే మిగతా లెక్క ఇద్దరం కూర్చుని వేద్దాం.

మీ తాతయ్య,
ఒంగోలు