క్వయర్ పాటల ప్రచురణ: సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మినియాపోలిస్ దగ్గర ఒక చిన్న పబ్లిషింగ్ కంపెనీ నడుపుతున్నాను. మేం వేసేవి క్వయర్ పాటలు మాత్రమే, అంటే బృందంగా పాడటానికి సోప్రానో, ఆల్టో (ఆడవాళ్ల పై, కింది గొంతులు), టెనర్, బాస్ (మగవాళ్ల పై, కింది గొంతులు) అని గొంతుకో వరుస చొప్పున రాసిన సంగీతం. మా దగ్గర పాట కాపీరైట్ స్వరకర్త పేరు మీదే ఉంటుంది. మేం పాటను సరిదిద్ది, అనుమతులు చూసి, క్వయర్‌ల దాకా చేరుస్తాం. నేను గుంటూరులో లూథరన్ చర్చి క్వయర్‌లో ఆల్టో పాడుతూ పెరిగాను. 1842లో మా ఊరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యరే ఆ తర్వాత మినెసోటా వచ్చి 1860లో ఇక్కడి లూథరన్ చర్చిల సంఘమైన సినడ్‌ను నిలబెట్టారని ఇక్కడికి వచ్చాకే తెలిసింది, తెలిసిన రోజున ఈ చలి దేశంలో మొదటిసారి నాకు ఇల్లు గుర్తొచ్చి ఏడుపు రాలేదు.

ఈ మధ్య ఇండియా నుంచి, ఇక్కడి తెలుగు పిల్లల నుంచి కూడా మెయిల్స్ వస్తున్నాయి. దాదాపు అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

అపోహ: పాట అచ్చవ్వాలంటే కాపీరైట్ రాసిచ్చేయాలి.

చాలాకాలం ఇదే పద్ధతి నడిచింది, అందుకే ఇంతగా మనసుల్లో నాటుకుపోయింది. పాత పద్ధతిలో స్వరకర్త హక్కులన్నీ పబ్లిషర్‌కు బదిలీ చేస్తే, అమ్ముడైన కాపీ ధరలో మామూలుగా 10 శాతం రాయల్టీగా వస్తుంది. ఒక్కసారి లెక్క వేయండి. కాపీ రెండున్నర డాలర్లు అనుకుందాం. 40 మంది ఉన్న క్వయర్ 40 కాపీలు కొంటే 100 డాలర్లు, అందులో స్వరకర్తకు 10. పాటలోని కవిత ఇంకా కాపీరైట్‌లో ఉండి, కవితో సగం పంచుకోవాల్సి వస్తే 5. నెలల తరబడి కూర్చుని రాసిన పాటను ఇంకో 40 మంది ఒక సీజన్ అంతా రిహార్సల్ చేసి పాడితే, రాసినవాళ్ల చేతికి వచ్చేది 5 డాలర్లు. మిగతాదంతా పబ్లిషర్ తినేస్తున్నాడని అనను, దుకాణాలకు ఇచ్చే డిస్కౌంటు, ప్రింటింగ్, గోడౌన్ అద్దె అన్నీ అందులోంచే పోవాలి.

నన్ను డబ్బుకన్నా ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. హక్కు బదిలీ చేశాక మీ పాట మీద మీ మాట చెల్లదు. అదే పాటను ఆడవాళ్ల క్వయర్ కోసం మార్చి రాయాలన్నా మీరే వెళ్లి అనుమతి అడగాలి. నాకు తెలిసిన ఒక పెద్దాయన పాట ఒకప్పుడు స్కూళ్లలో బాగా పాడేవారు. దాన్ని అచ్చువేసిన కంపెనీని ఇంకో కంపెనీ కొంది, దాన్ని మరొకటి కొంది, చివరికి పాట ప్రింట్‌లో లేకుండా పోయింది. తన పాటను తన మనవరాలి స్కూల్ క్వయర్‌తో పాడించడానికి ఆయన మెయిల్ మీద మెయిల్ పెడుతుంటే జవాబిచ్చే దిక్కు లేదు. ఇలాంటి వాళ్ల కోసమే అమెరికా చట్టంలో ఒక దారి ఉంది, 1978 నుంచి స్వరకర్త స్వయంగా రాసిచ్చిన హక్కులను మామూలుగా 35 ఏళ్లకు వెనక్కి తీసుకోవచ్చు, కనీసం రెండేళ్ల ముందు నోటీసు ఇవ్వాలి. జీతానికి ఉద్యోగిగా రాసిన పాటలకు ఇది వర్తించదు. ఇలాంటి వెసులుబాటు ఉందని చాలామందికి తెలియకుండానే ఆ గడువు కాస్తా దాటిపోతోంది.

కాబట్టి కాంట్రాక్టు వస్తే మొదట 'అసైన్' అనే మాట ఉందా, 'లైసెన్స్' అనే మాట ఉందా చూడండి. మొదటిది ఇల్లు అమ్మేయడం, రెండోది అద్దెకివ్వడం. ఎన్నేళ్లకు, ఏయే దేశాలకు, మధ్యలో బయటికి రావాలంటే ఎలా, కంపెనీ మూతపడితే ఏమవుతుంది, ఈ నాలుగూ కాగితం మీద లేకపోతే సంతకం పెట్టకండి. మన దగ్గర సినిమా పాటల విషయంలో 2012లో చట్టం మార్చి, రాయల్టీలో తమ వాటాను కవి, సంగీత దర్శకుడు వదులుకోవడానికి వీల్లేకుండా చేశారు. అంతకుముందు ఎంతమంది తమ పాటను సంతకంతో పోగొట్టుకున్నారో మన ఇళ్లలో పెద్దలకు తెలుసు. క్వయర్ సంగీతంలో జరిగింది కూడా అలాంటిదే, కాకపోతే ఇక్కడ డబ్బు తక్కువ కాబట్టి ఎవరికీ పట్టలేదు.

అపోహ: పీడీఎఫ్ పంపుకునే రోజుల్లో పబ్లిషర్ పని ఏముంది?

1840లలో లండన్‌లో నోవెల్లో కంపెనీ క్వయర్ పాటలను చిన్న సైజులో, చవగ్గా అచ్చువేయడం మొదలుపెట్టాక మామూలు మనుషుల చేతికి స్కోర్, అంటే పాట స్వరాలు రాసిన కాగితం, వచ్చింది. ఆ చిన్న సైజుకున్న 'ఆక్టేవో' అనే పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. అప్పట్లో అచ్చువేయడమే పెద్ద పని. ఇప్పుడు కాదు, ఒప్పుకుంటాను.

ఇప్పుడు పని ఎడిటింగ్‌లో ఉంది. టెనర్లు పేజీ తిప్పుతూ పై స్వరం అందుకోవాల్సి వస్తోందా? ఊపిరి తీసుకునే చోటు మాట మధ్యలో పడిందా? వాయిద్యం లేని పాటైనా రిహార్సల్‌కు పియానో వరుస కింద ఇచ్చారా? ఆల్టోలు ఒక్క పేజీలోనే మూడుగా చీలితే, 20 మంది ఉన్న చర్చి క్వయర్ ఆ పాటను పక్కన పెట్టేస్తుంది, అందుకు ఎంత మంచి పాటైనా ఒకటే. ఇవన్నీ స్వరకర్తతో కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకునే సంగతులు, తుది మాట మాత్రం ఆయనదే. దానికితోడు 2024 ఆగస్టులో, స్కోర్లు టైప్ చేసే ఫినాలే సాఫ్ట్‌వేర్ ఆపేస్తున్నామని దాని తయారీదారులు ప్రకటించారు. 1988 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ అది, మా పాత స్కోర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కో ఫైలూ తెరిచి, వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే మ్యూజిక్ ఎక్స్ఎమ్ఎల్‌గా మార్చి, డొరికో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ సర్దుతున్నాం, మార్చినప్పుడల్లా సాహిత్యం అక్షరాలు పక్క స్వరం కిందికి జరిగిపోతాయి. ఒంటరిగా పని చేసుకునే స్వరకర్త ఈ పనికే ఒక ఏడాది పోగొట్టుకుంటే కొత్త పాట ఎప్పుడు రాస్తాడు?

భాష సంగతి నాకు మరీ దగ్గరిది. ఒక అమెరికన్ స్వరకర్త తెలుగు మాటలతో చిన్న లాలిపాట రాసి పంపాడు, ఎంతో ప్రేమగా రాశాడు. కానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసేసరికి 'పాట', 'పాత' ఒకేలా కనిపిస్తున్నాయి. 'అమ్మ'ను అందరూ 'అమ' అని పాడేస్తున్నారు, ఎందుకంటే వాళ్లకు ఒత్తు మీద ఆగడం అలవాటు లేదు, పెదవులు మూసి ఒక క్షణం 'మ్' పట్టుకుంటేనే అది అమ్మ అవుతుంది. ఇంకోచోట పొడవు అక్షరం పొట్టి స్వరం మీద పడి 'పాలు' కాస్తా 'పలు' అయింది. ఆ లయ మార్చమని అడిగితే ఆయన మర్నాడే మార్చి పంపాడు. చివరి పేజీలో ఉచ్చారణకు గుర్తులు, మాటకు మాట అర్థం, నేను చదివి రికార్డు చేసిన ఆడియో లింకు పెట్టాం. ఐయోవాలో హైస్కూల్ పిల్లలు 'అమ్మ' అని ఒత్తి పాడిన వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

అపోహ: ఇంటర్నెట్‌లో దొరికిన కవితకు బాణీ కట్టుకోవచ్చు, కవి సంతోషిస్తాడు.

సంతోషించొచ్చు, సంతోషించకపోవచ్చు, అడగాల్సింది మాత్రం రాయడం మొదలుపెట్టకముందే. ఎరిక్ విటాకర్ లాంటి పేరున్న స్వరకర్తకే ఇది జరిగింది. 1923లో అచ్చయిన రాబర్ట్ ఫ్రాస్ట్ కవితకు ఆయన సంగీతం కట్టారు, క్వయర్ పాడింది కూడా, తర్వాత ఫ్రాస్ట్ హక్కుదారులు కుదరదన్నారు. ఆయన తన స్నేహితుడైన కవి చార్ల్స్ ఆంథనీ సిల్వెస్ట్రీని అడిగి, అదే ఛందస్సులో, అవే స్వరాల మీద కూర్చునేలా కొత్త మాటలు రాయించుకున్నారు. 'స్లీప్' అనే ఆ పాటను ఇప్పుడు ప్రపంచమంతా పాడుతోంది. ఫ్రాస్ట్ కవితకు అమెరికాలో కాపీరైట్ తీరింది 2019 జనవరి 1న. అందరికీ సిల్వెస్ట్రీ లాంటి స్నేహితుడు ఉండడు కదా. కవిత అనుమతి కాగితం లేకుండా వచ్చిన పాటను, అది ఎంత నచ్చినా సరే, నేను ముట్టుకోను.

అపోహ: పాత పాటలకు ఏ గొడవా ఉండదు.

త్యాగరాజస్వామి 1847లో, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పురుషోత్తమ చౌదరి 1890లో వెళ్లిపోయారు. వాళ్ల రచనలు ఎవరైనా వాడుకోవచ్చు, కానీ వాటిని నాలుగు గొంతులకు ఎవరో ఈ మధ్య మలిచి రాసిన రూపం ఉంటే అందులో కొత్తగా చేర్చినదంతా ఆ రాసినవాళ్లది. దేశాన్ని బట్టి లెక్క కూడా మారుతుంది. భారత్‌లో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు. ఠాగూర్ 1941లో పోయారు కాబట్టి 2002 నుంచి అక్కడ ఇబ్బంది లేదు. అమెరికాలో అలాంటి పాత రచనలకు అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు లెక్క, కాబట్టి 'గీతాంజలి' ఇంగ్లీషు పుస్తకం వాడుకోవచ్చు, 1935లో తొలిసారి అచ్చయిన ఠాగూర్ కవిత ఐతే ఇక్కడ 2030 చివరిదాకా ఆగాలి. అనువాదకుడి హక్కు మళ్లీ వేరు.

అపోహ: డబ్బులిచ్చి రాయించుకున్నాం, పాట మాదే.

కాదు. ఆ డబ్బు రాసినందుకు. మొదటి ప్రదర్శన మీది, స్కోర్ మీద మీ పేరు ఉంటుంది, ఒక ఏడాదిపాటు ఇంకెవరూ పాడకూడదని కూడా రాసుకోవచ్చు. కాపీరైట్ మాత్రం స్వరకర్త ప్రత్యేకంగా రాసిస్తే తప్ప మీకు రాదు.

అపోహ: దేవుని పని కోసం కదా, ఒక కాపీ కొని జిరాక్స్ తీస్తే తప్పేముంది?

ఇది రాయడం నాకు కష్టం, ఎందుకంటే నేను పాడుతూ పెరిగింది జిరాక్స్ కాగితాల మీదే. ఆరాధనలో పాడటానికి అమెరికా చట్టంలో మినహాయింపు ఉంది, మన చట్టంలోనూ ఉంది. పాడటానికే ఆ మినహాయింపు, కాపీలు తీయడానికి కాదు. చర్చిలకు పాటల అనుమతులిచ్చే సీసీఎల్ఐ సంస్థ లైసెన్స్ ఉంటే చాలనుకుంటారు, అది క్వయర్ స్కోర్లను జిరాక్స్ తీయడానికి పనికిరాదు. కొన్న కాపీలు కచేరీ ముందు రోజు పోతే, తర్వాత మళ్లీ కొనే షరతు మీద అత్యవసరంగా జిరాక్స్ తీసుకోవచ్చని ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది, అంతే. 40 కాపీలు కొనాల్సిన చోట ఒకటి కొంటే, పైన చెప్పిన లెక్కలో ఆ 10 డాలర్లు పావు డాలర్ అవుతాయి. డబ్బు లేని క్వయర్ అయితే దయచేసి పబ్లిషర్‌కు రాయండి. పల్లెటూరి చర్చి నుంచి వచ్చిన ఏ మెయిల్‌కూ నేను ఇంతవరకు కాదనలేదు, క్వయర్ పేరు ముద్రించిన పీడీఎఫ్ వాళ్లు ఇవ్వగలిగినంతకే పంపుతాం.

అపోహ: హక్కులు స్వరకర్త దగ్గరే ఉంటే డబ్బు దానంతటదే వస్తుంది.

రాదు, దీని గురించి కొత్తవాళ్లకు అబద్ధం చెప్పలేను. వాటా పెద్దదే, కానీ ముందు పాట క్వయర్‌ను నడిపించే కండక్టర్ చేతిలో పడాలి. అమెరికన్ కోరల్ డైరెక్టర్స్ అసోసియేషన్ జాతీయ సదస్సు బేసి సంవత్సరాల్లో జరుగుతుంది, అక్కడి రీడింగ్ సెషన్లలో వందలమంది కండక్టర్లు కొత్త స్కోర్లు చేతిలో పట్టుకుని అక్కడికక్కడే చూసి పాడతారు. అక్కడ నచ్చిన పాట వచ్చే ఏడాది కచేరీలోకి వస్తుంది, ఆ రాయల్టీ ఇంకో ఏడాదికి అందుతుంది. ఈలోగా స్వరకర్త చేయాల్సిన పని ఒకటుంది, పాటను కచేరీల్లో పాడినందుకు వచ్చే డబ్బును స్వరకర్తల తరఫున వసూలు చేసే సంస్థలైన ఆస్కాప్‌లోనో బీఎమ్ఐలోనో, ఇండియాలో ఉంటే ఐపీఆర్ఎస్‌లోనో చేరి ప్రతి పాటనూ నమోదు చేసుకోవాలి. క్వయర్ కాపీలు కొన్నంత మాత్రాన టికెట్ కచేరీలో పాడే హక్కు రాదు, అది వేరే లైసెన్స్, ఆ డబ్బు నమోదైన పాటకే చేరుతుంది. రికార్డింగ్‌కు మళ్లీ ఇంకో లెక్క, ఇక్కడ చట్టం ప్రకారం కాపీకి 9.1 సెంట్లు 2006 నుంచి 2022 దాకా కదలలేదు, 2023లో 12 అయింది.

మాకు పాట పంపాలనుకుంటే స్కోర్ పీడీఎఫ్, ఎవరైనా నిజంగా పాడిన రికార్డింగ్, కవిత అనుమతి కాగితం, ఈ మూడూ పంపండి. రికార్డింగ్ సెల్‌ఫోన్‌లో తీసిందైనా పర్లేదు. కంప్యూటర్ గొంతు వద్దు, ఎందుకంటే దానికి ఊపిరి అక్కర్లేదు, పాడేవాళ్లకు ఎక్కడ ఊపిరి అందడం లేదో అందులో నాకు వినపడదు.