ఫ్రేము వెనక చీటీని పారేయకండి

కళాఖండాల సేకరణలకు పట్టికలు తయారుచేసే పనిలో ఉన్న నేను తరచూ వినే మాట, "ధ్రువపత్రం ఉంది కదా, ఇక పాత కాగితాలెందుకు?" అన్నది. సేకరణకర్తల కుటుంబాలకు ఇంతగా నష్టం తెచ్చే నమ్మకం ఇంకొకటి లేదు.

అపోహ: ధ్రువపత్రం ఉంటే చిత్రం అసలైనదే.

వాస్తవం: ఆ చిత్రకారుడి కృషిని లోతుగా చదివినవారు ఇస్తేనే ధ్రువపత్రానికి విలువ. అప్పుడు కూడా, చిత్రం ఎవరెవరి చేతులు మారి మీదాకా వచ్చిందో చెప్పే రసీదులు, ఉత్తరాలు, ప్రదర్శనల క్యాటలాగులు, ఫ్రేము వెనక అంటించిన చీటీలు లేకపోతే అది ఒంటరి సాక్ష్యమే. న్యూయార్క్‌లో 1846లో మొదలై 2011లో మూతపడిన నోడ్లర్ గ్యాలరీ అమ్మిన ఆధునిక చిత్రాల్లో ఎన్నో నకిలీవని తేలింది. పేరు బయటపెట్టని ఒక సేకరణకర్త ఇంటి నుంచి వచ్చాయన్న కథే తప్ప వాటికి నమ్మదగిన వెనకటి చరిత్ర లేదు. 1956లో మరణించిన అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొల్లాక్ పేరుతో అమ్మిన ఒక చిత్రంలో, ఆయన పోయిన తరువాత గాని అమ్మకానికి రాని రంగు కనిపించింది. కథ విని కొన్నవారు అనుభవజ్ఞులే.

తండ్రి సేకరించిన చిత్రాలను చక్కగా చూసుకోవాలన్న ప్రేమతో ఒకామె పాత ఫ్రేములన్నీ మార్పించారు. పనివారు వెనక అట్టలను పారేశారు, వాటితోపాటు ప్రదర్శనల చీటీలూ పోయాయి. తానే తండ్రి పేరు చెరిపేశానని ఆమె కుమిలిపోయారు. ఎవరూ చెప్పని విషయం తెలియకపోవడం ఆమె తప్పు కాదు. చివరకు ఒక పాత కుటుంబ ఫొటోలో, గోడమీద వేలాడుతూ ఆ చిత్రాల్లో రెండు కనిపించాయి, వాటి చరిత్రను అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టాం. అందుకే, ఫ్రేము విప్పే ముందు చిత్రానికి రెండువైపులా ఫొటో తీయండి. చీటీని ఊడదీయకండి, అట్టను మార్చక తప్పకపోతే పాతదాన్ని విడిగా దాచండి.

చిత్రం కొంటే దాని కాపీరైటు కూడా వస్తుందనుకోవడం పొరపాటు, రాతపూర్వకంగా బదిలీ చేయనిదే అది సాధారణంగా చిత్రకారుడి దగ్గరే ఉంటుంది.

కళాపోషణ ధనవంతులకే సాధ్యమన్న మాట నిలవదు. అమెరికాలో తపాలా గుమాస్తా హెర్బర్ట్ వోగెల్, గ్రంథాలయ ఉద్యోగిని అయిన ఆయన భార్య డొరొతీ ఒకరి జీతంతో ఇల్లు గడుపుకుని, ఇంకొకరి జీతంతో చిత్రాలు కొన్నారు. ఆ సేకరణను వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి అప్పగిస్తున్నట్టు 1992లో ప్రకటించారు. వారి ఉత్తరాలు, కాగితాలు కూడా నేడు స్మిత్‌సోనియన్ సంస్థ వారి, పాత పత్రాలను భద్రపరిచే అమెరికన్ కళా అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి.