సుమత్రా అట్ట, గోదావరి గట్టు జామాయిల్: భారత్–ఇండోనేసియా కాగితపు వర్తకం వెనుక కథ

మందుల పెట్టెలకూ సబ్బుల పెట్టెలకూ వాడే తెల్లని అట్టను టన్ను 67,220 రూపాయల కంటే తక్కువ ధరకు దిగుమతి చేసుకోరాదని కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో ఆంక్ష పెట్టింది. అప్పుడు పెట్టిన గడువు 2026 మార్చి 31. ఆంక్ష అన్ని దేశాలకూ వర్తించేదే అయినా, దాని కోసం పట్టుబట్టిన దేశీయ మిల్లుల ఫిర్యాదు ప్రధానంగా ఇండోనేసియా మీద. ఈ తగాదాను సుంకాల తగాదాగా చూడటం అలవాటైంది కానీ, రెండు దేశాల్లో కాగితపు కర్ర ఎవరి భూమిలో పెరుగుతోందో చూడనిదే దీని మూలం అంతుపట్టదు. ఆ మూలంలో ఒక కొస వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఉంది.

కోరుట్లలో ఒకప్పుడు చేతికాగితం తయారయ్యేది. యంత్రపు కాగితం మాత్రం నిజాం కాలంలో, 1938లో నెలకొల్పిన సిర్పూరు పేపర్ మిల్లుతో మొదలైంది. 1942లో ఉత్పత్తి ప్రారంభమయ్యాక ఆ ఊరు కాగజ్‌నగర్ అయింది. ఆదిలాబాద్ అడవుల వెదురే దానికి ముడిసరుకు. 1979లో భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఒడ్డున సారపాకలో అట్టల మిల్లు వచ్చింది. అప్పట్లో విదేశీ కాగితం మీద భారీ సుంకాలుండేవి కనుక ఈ మిల్లులకు బయటి పోటీ పెద్దగా తెలియదు. 1988 జాతీయ అటవీ విధానం ముడిసరుకు లెక్కను మార్చింది. పరిశ్రమలకు అటవీ కలపను రాయితీ ధరకు ఇవ్వరాదనీ, వాటికి కావలసిన కర్రను రైతులతో పెంచించుకోవాలనీ అది చెప్పింది. భూ గరిష్ఠ పరిమితి చట్టాలు ఉండటంతో కంపెనీలు వేల ఎకరాల సొంత తోటలు వేసుకునే దారీ లేదు. అలా జామాయిల్, సుబాబుల్ మొక్కలు ఖమ్మం, వరంగల్ జిల్లాల మెట్ట చెలకల్లోకి వచ్చాయి. సారపాక మిల్లు ఎంపిక చేసిన క్లోన్ మొక్కలను పెంచి రైతులకు అమ్మడం మొదలుపెట్టాక ఈ సాగు మరింత విస్తరించింది. దీన్ని నేను మంచి విధానమనే అనుకుంటాను. అయితే అది కర్ర ఖరీదు పెంచే విధానం కూడా. మిల్లుకు కర్ర చేరేలోపు రైతు కౌలు లెక్క, కూలీల ఖర్చు, లారీ బాడుగ అన్నీ దాని ధరలో కలుస్తాయి.

సరిగ్గా అదే కాలంలో ఇండోనేసియా ఎదురు దారి పట్టింది. 1980ల చివరి నుంచి అక్కడి ప్రభుత్వం అటవీ భూములను దీర్ఘకాలిక లైసెన్సుల మీద కంపెనీలకు అప్పగించి, వాటిలో పల్పు (కాగితం చేసే కర్ర గుజ్జు) కోసం తోటలు వేయించింది. సుమత్రా దీవిలోని రియావు రాష్ట్రంలో పెరవాంగ్, పంగ్‌కలన్ కెరించి పట్టణాల దగ్గర ప్రపంచంలోనే అతి పెద్ద వాటిలో చేరే పల్పు మిల్లులు వెలిశాయి. మొదట సహజారణ్యపు మానులను నరికి, ఆపైన అదే నేలలో తుమ్మజాతి అకేషియాను నాటారు. ఏడాది పొడవునా వాన, ఎండ ఉండే ఆ నేలలో చెట్టు అయిదేళ్లకే కోతకు వస్తుంది. తోట, మిల్లు ఒకే యాజమాన్యం కిందివి. 1997–98 ఆసియా ఆర్థిక సంక్షోభంలో అక్కడి కరెన్సీ రూపయ్యా విలువ కుప్పకూలినప్పుడు ఆ కంపెనీలు అప్పుల్లో మునిగినా, డాలర్లకు అమ్ముడయ్యే వాటి సరుకు మాత్రం మరింత చౌకైంది. ఆ చౌక వెనుక తగలబడిన పీట్ నేలలు (కుళ్లిన చెట్టూచేమా పేరుకున్న చిత్తడి నేలలు), భూమి పోగొట్టుకున్న గ్రామాలు ఉన్నాయి. 2015లో ఆ మంటల పొగ సింగపూర్, మలేసియాలను కూడా కమ్మింది. దిగుమతి బిల్లులో ఆ ఖర్చు కనపడదు.

ఈ రెండు పద్ధతులనూ ఒకే బజారులో నిలబెట్టింది ఆసియాన్ (ఇండోనేసియా కూడా ఉన్న ఆగ్నేయాసియా దేశాల కూటమి)–భారత్ సరుకుల ఒప్పందం. 2009 ఆగస్టులో సంతకాలయ్యాయి. ఇండోనేసియాకు 2010 అక్టోబరు 1 నుంచి అమలైంది. కాగితం, అట్టల మీది సుంకం మెట్లుమెట్లుగా దిగి 2014 జనవరి నాటికి దాదాపు పూర్తిగా సున్నాకు చేరింది. ఒప్పందం లేని దేశాల సరుకు మీద అదే సుంకం 10 శాతం. ఇండోనేసియాతో మన వర్తకంలో పామాయిల్, బొగ్గు ముందు కాగితం చిన్న పద్దు. (సింగరేణి గనులున్న ప్రాంతం వాళ్లకు బొగ్గు దిగుమతి మాట వింతగా తోచవచ్చు.) బేరాల బల్ల దగ్గర చిన్న పద్దుల మాట ఎంతవరకు చెల్లుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అదే 2014లో కాగజ్‌నగర్ మిల్లు మూతపడింది. ములుగు జిల్లా మంగపేట మండలం కమలాపురంలోని పల్పు కర్మాగారమూ ఆగిపోయింది. తేదీలు కలిశాయి కదా అని రెంటినీ సున్నా సుంకం ఖాతాలో రాయడం మాత్రం సరికాదు. కమలాపురంలో తయారైంది కాగితం కాదు, రేయాన్ నూలుకు వాడే పల్పు. దాన్ని కొనే సంస్థ కొనుగోళ్లు ఆపేయడమే అక్కడి అసలు దెబ్బ. కాగజ్‌నగర్‌ను ముంచిన వాటిలో అప్పులు, పాత యంత్రాలు ముఖ్యం. 2018లో మిల్లు చేతులు మారి, తర్వాత మళ్లీ నడుస్తోంది. సుంకం మాత్రం అలాగే ఉంది.

సుంకం లేని లోటును ఇతర మార్గాల్లో పూడ్చే ప్రయత్నాలు తర్వాత వచ్చాయి. ఇండోనేసియా, థాయిలాండ్, సింగపూర్ల నుంచి వచ్చే జిరాక్స్ కాగితం మీద 2018 డిసెంబరులో యాంటీ డంపింగ్ సుంకం (తమ దేశంలో అమ్మే ధర కంటే చౌకగా ఇక్కడికి పంపే సరుకు మీద వేసేది) విధించారు. 2022 అక్టోబరు నుంచి దిగుమతిదారులు ముందుగా నమోదు చేసుకోవాలన్నారు. అయినా 2023–24లో అన్ని దేశాల నుంచీ కలిపి కాగితం, అట్టల దిగుమతులు సుమారు 19 లక్షల టన్నులకు చేరాయి.

ఇందులో అట్టనే ప్రత్యేకంగా ఎందుకు పట్టుకున్నారంటే దాని తయారీలో కర్ర వాటా ఎక్కువ. మందుల పెట్టెను అంచు దగ్గర చించితే పొరలు కనపడతాయి: పైన సుద్ద పూత, కింద తెల్లని రసాయన పల్పు పొర, నడుమ మందం కోసం ముతక పల్పు. మిఠాయి పెట్టెల బూడిద రంగు డూప్లెక్స్ బోర్డులాగా పాత కాగితంతో దీన్ని చేయరు. ఇక పెట్టెలు చేసేవాళ్ల మాటా వినాలి. వరంగల్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ ప్రెస్సు నడిపేవాడికి అట్టే పెద్ద ఖర్చు. దిగుమతికి కనీస ధర కడితే దేశీయ మిల్లులూ ఆ ధర దగ్గరికే తమ రేటు జరుపుతాయని అతని భయం. ఆ భయం అకారణమని నేననను. పెరిగిన రేటులో ఎంత భాగం కర్ర కొనుగోలు ధరలోకి దిగుతుందో చెప్పే నిబంధన కనీస ధర ఆంక్షలో ఏదీ లేదు.

జామాయిల్ రైతు ఈ మొత్తంలో చివరన ఉంటాడు. నాలుగో ఏట చెట్టు కొట్టించి, తొక్క తీయించి, లారీకెత్తించి కాటా దగ్గరికి పంపుతాడు. ధర టన్ను లెక్కన కనుక కర్ర ఎండిన కొద్దీ బరువు తగ్గి డబ్బు తగ్గుతుంది. మిల్లు గేటు ముందు వరుస కదలకపోతే ఆ నష్టం అతనిదే. దిగుమతులు పెరిగి మిల్లులు కొనుగోళ్లు తగ్గించిన ఏడాది కోత వాయిదా వేయవచ్చు, కానీ కౌలు పొలమైతే అదీ కుదరదు. నరికిన మోళ్లు మళ్లీ చిగిర్చి రెండో కోతకు రావడానికి ఇంకో నాలుగేళ్లు పడుతుంది. ఆసియాన్ ఒప్పందం సమీక్షలో కాగితాన్ని సున్నా సుంకం జాబితా నుంచి తప్పించాలని మిల్లులు అడుగుతున్నాయి. కనీస ధర ఆంక్షకు పెట్టిన గడువు మాత్రం ఏడున్నర నెలలు కూడా లేదు.