మిక్సీ జార్‌లో ఏం వేస్తున్నాం?

బెంగళూరులో తెల్లవారుజామున లాల్‌బాగ్ గేటు దగ్గరికి వెళ్తే, వాకింగ్ ముగించుకుని వచ్చేవాళ్ల కోసం బూడిద గుమ్మడికాయ రసం, కాకరకాయ రసం స్టీలు క్యాన్లలో సిద్ధంగా ఉంటాయి. సాయంత్రం మారతహళ్లి, బీటీఎం లేఔట్ వైపు వెళ్తే జ్యూస్ షాపు బోర్డుల మీద ‘వెయిట్ లాస్ స్మూతీ’ కనిపిస్తుంది. పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లలు చాలామంది రాత్రి భోజనం మానేసి ఆ గ్లాసుతో సరిపెట్టుకుంటారు. రెండూ బరువు తగ్గడానికే అంటారు గానీ లోపలి సరుకు చూస్తే పోలికే లేదు.

బూడిద గుమ్మడికాయలో వంద గ్రాములకు 15 కేలరీలు కూడా ఉండవు. ఇక సాయంత్రం గ్లాసు సంగతి. మామిడి ముక్కలు 150 గ్రాములు, ఓ మోస్తరు అరటిపండు, 200 మిల్లీలీటర్ల పాలు, టేబుల్ స్పూను తేనె, మూడు ఖర్జూరాలు, ఇంకో స్పూను పీనట్ బటర్. వరసగా వేసుకుంటే సుమారు 90, 105, 125, 65, 70, 95. మొత్తం 550. చక్కెర ఒక్క చెంచా కూడా వేయలేదు, అన్నీ ‘ఆరోగ్యకరమైనవే’. అయినా అది ఒక పూట భోజనం. దాన్ని భోజనం తర్వాత తాగితే రెండు పూటల తిండి ఒకే పూట తిన్నట్టు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. కొవ్వును కరిగించే పండు అంటూ ఏదీ లేదు. అనాసపండులో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉన్నమాట నిజమే. అది ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది, నడుం చుట్టూ ఉన్న కొవ్వు జోలికి పోదు. ఆ ఎంజైమ్ పనితనం చూడాలంటే పచ్చి అనాస ముక్కల్ని పాలలో వేసి కాసేపు ఉంచండి, పాలు విరిగి చేదెక్కుతాయి. బొప్పాయిలోని పపైన్‌దీ అదే తంతు. బొప్పాయి మిల్క్‌షేక్ పొద్దున చేసి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తాగితే చేదుగా ఉందని షాపువాణ్ని తిట్టుకుంటాం గానీ ఆ పని చేసింది పండే.

పండో కాయో బరువు తగ్గడానికి సాయపడుతుందంటే అసలు కారణం నీళ్లు, పీచు. నీళ్లలో కేలరీలు ఉండవు. పీచులో చాలావరకు అరగదు. పిండి, చక్కెర గ్రాముకు 4 కేలరీలు ఇస్తాయి, కొవ్వు 9 ఇస్తుంది. అందుకే కీర దోసకాయ వంద గ్రాములకు 15 కేలరీల దగ్గర, టమాటా 18 దగ్గర, పాలకూర 23 దగ్గర ఆగిపోతాయి. క్యారెట్, బీట్‌రూట్ 40 దాటుతాయి. పళ్లలో పుచ్చకాయ 30, బొప్పాయి 43, యాపిల్ 52, మామిడి 60, జామ 68, సపోటా 83, అరటిపండు 90. ఖర్జూరం 277, తేనె 304. ఇవన్నీ సుమారు లెక్కలు, రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి అటూఇటూ అవుతాయి. మన దేశపు రకాలకు కచ్చితమైన అంకెలు కావాలంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు ఉన్నాయి. ఇంట్లో ఒక ప్రతి ఉంటే సగం వాట్సాప్ సలహాలకు జవాబు దొరుకుతుంది.

అయితే ఈ అంకెలొక్కటే పట్టుకుంటే ఇంకో గుంటలో పడతాం. పుచ్చకాయలో కేలరీలు తక్కువే, కానీ పీచు వంద గ్రాములకు అర గ్రాము కూడా ఉండదు. మిక్సీ పడితే అది దాదాపు తియ్యటి నీళ్లు, గంటలో మళ్లీ ఆకలి. జామకాయలో కేలరీలు దానికి రెట్టింపుకు పైనే, కానీ పీచు 5 గ్రాములు దాటుతుంది. బరువు తగ్గాలనుకునేవాళ్లకు నా ఓటు జామకే. విటమిన్ సి బత్తాయి, కమలాల కంటే ఎన్నో రెట్లు, ధర కూడా అందరికీ అందుబాటులోనే. లాల్‌బాగ్ దగ్గర, జయనగర్‌లో, ఇంకా చాలా చోట్ల ఉన్న హాప్‌కామ్స్ (ఉద్యాన రైతుల సహకార సంఘం) కొట్లలో గులాబి రంగు గుజ్జు ఉన్న జామ కనిపిస్తే వదలకండి. గింజలు నలుగుతాయో లేదో అని వడకట్టకండి, పీచులో మంచి భాగం అక్కడే ఉంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. జామకాయ కొరికి నమిలి తినడం, అదే జామకాయ మిక్సీ పట్టి తాగడం, రెండూ ఒకటేనా? 1977లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పరిశోధకులు దీన్ని యాపిల్‌తో పరీక్షించారు. పదిమందికి ఒకసారి యాపిల్ పళ్లు, ఒకసారి వాటి గుజ్జు, ఒకసారి వడకట్టిన రసం ఇచ్చారు. మూడింట్లోనూ ఒంటికి పట్టే పిండిపదార్థం 60 గ్రాములే. రసం తాగడానికి పట్టిన సమయం పళ్లు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతు. సరే, వేగం వల్లేమో అని మూడూ ఒకే సమయంలో పూర్తయ్యేలా కూడా చూశారు. అప్పుడూ పళ్లు తిన్నాక ఎక్కువ తృప్తి, గుజ్జుతో అంతకంటే తక్కువ, రసంతో ఇంకా తక్కువ. రక్తంలో చక్కెర మొదట మూడింటికీ దాదాపు ఒకేలా పెరిగింది. రసం తర్వాత మాత్రం అది గబగబా కిందికి జారింది, గుజ్జు తర్వాత కొంచెం జారింది, పండు తర్వాత జారలేదు. ఇన్సులిన్ కూడా రసం, గుజ్జు తీసుకున్నప్పుడే ఎక్కువ పెరిగింది.

పీచు పోలేదుగా, గుజ్జులో ఉందిగా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. నిజమే, మిక్సీ పీచును మాయం చేయదు. పండులో చక్కెర కోట్లాది చిన్న చిన్న కణాల గోడల లోపల ఉంటుంది. పళ్లతో నమిలితే ఆ కణాల్లో చాలా భాగం పగలకుండానే కడుపులోకి దిగుతుంది. మిక్సీ బ్లేడు వాటిని చీల్చేస్తుంది. లోపలి చక్కెర బయటపడుతుంది, పొడవాటి పీచు తునాతునకలవుతుంది. దానికి తోడు ద్రవం కడుపులోంచి పేగుల్లోకి తొందరగా జారుకుంటుంది. నమలడం వల్ల మెదడుకు అందే సంకేతాలు కూడా పోతాయి. అమెరికాలో 2009లో పోషకాహార పరిశోధకురాలు బార్బరా రోల్స్ బృందం మధ్యాహ్న భోజనానికి ముందు యాపిల్ ముక్కలు, యాపిల్ గుజ్జు, యాపిల్ రసం ఇచ్చి చూసింది. ముక్కలు తిన్నవాళ్లు, ఆ ముక్కల కేలరీలు కలుపుకున్నా, ఏమీ తినకుండా భోజనానికి కూర్చున్నప్పటికంటే ఆ పూట 15 శాతం తక్కువ తిన్నారు. రసానికి పీచు విడిగా కలిపి ఇచ్చినా తేడా రాలేదు. జ్యూస్‌లో ఇసబ్‌గోల్ ఒక స్పూను కలిపి ‘ఇప్పుడు సరిపోయింది’ అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మేలు.

ఇక్కడో చిన్న మెలిక కూడా ఉంది. ఇంగ్లండ్‌లోనే ప్లిమత్‌లో చేసిన పరీక్షల్లో రాస్ప్‌బెర్రీ, పాషన్ ఫ్రూట్ లాంటి గింజలున్న పళ్లు కలిపి మిక్సీ పట్టి ఇస్తే, అవే పళ్లు ముక్కలుగా తిన్నప్పటికంటే రక్తంలో చక్కెర తక్కువగా పెరిగింది. గింజలు నలిగి వాటిలోని పీచు, ఇతర పదార్థాలు బయటికి రావడమే కారణం కావచ్చన్నారు. కాబట్టి స్మూతీ అనగానే షుగర్ ఆకాశానికి ఎగురుతుందని భయపెట్టడమూ సరికాదు. కాకపోతే షుగర్ సంగతి వేరు, ఆకలి సంగతి వేరు. బరువు విషయంలో తేల్చేది ఆకలే.

అంటే స్మూతీ మానేయాలా? అక్కర్లేదు. తాగేదాన్ని తినేదానికి దగ్గరగా తేవాలి. గ్లాసులో కాకుండా గిన్నెలో పోసుకుని స్పూనుతో తినేంత చిక్కగా చేసుకోవాలి. మొత్తం నున్నగా అయ్యేదాకా తిప్పకుండా, సగం ముక్కలు చివర్లో పైన వేసుకుంటే నోటికి కాస్త పని దొరుకుతుంది. మిక్సీని ఎక్కువసేపు తిప్పడం వల్ల కూడా ఒక లాభం ఉంది, అది నురగ. 2000 సంవత్సరంలో రోల్స్ బృందమే ఒకే పెరుగు షేక్‌ను గాలి ఎక్కించి 300, 450, 600 మిల్లీలీటర్లుగా చేసి 28 మంది మగవాళ్లకు ఇచ్చింది. కేలరీలు మూడింట్లోనూ సమానం. 600 మిల్లీలీటర్ల గ్లాసు తాగినవాళ్లు తర్వాత భోజనంలో 12 శాతం తక్కువ తిన్నారు. ఉత్త గాలికి కూడా కడుపు కొంత మోసపోతుందన్నమాట. ముక్కలా, నురగా అని తేల్చుకోలేకపోతే సగం నురగగా కొట్టి, సగం ముక్కలుగా వేసుకోవచ్చు.

జార్‌లో ఏం వేయాలన్నదానికి నా పద్ధతి ఇది. సగం పైన నీరున్న కాయలు, అంటే కీరా, టమాటా, ఉడికించి చల్లార్చిన తియ్య గుమ్మడి. పీచున్న పండు ఒక్కటి, జామో బొప్పాయో యాపిలో, తొక్కతో సహా తినగలిగేదైతే తొక్కతో సహా. రెండో పండు వేసిన క్షణంలో లెక్క తప్పడం మొదలవుతుంది. తీపి కోసం అరటిపండు తప్పదనుకుంటే పెద్ద అరటిపండు బదులు బెంగళూరులో ఎక్కడపడితే అక్కడ దొరికే చిన్న ఏలక్కి ఒకటి వేసుకోండి. పాల బదులు పుల్లపెరుగో మజ్జిగో. పుదీనా, అల్లం, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, కాస్త జీలకర్ర పొడి వేస్తే తీపి లేని లోటు తెలియదు. అసలు మన నాలుకకు ఆ రుచే ఎక్కువ అలవాటు. జామ వంద గ్రాములు, కీరా 150, పెరుగు వంద కలిపితే 150 కేలరీల చుట్టూ ఆగుతుంది, పీచు 6 గ్రాముల దాకా వస్తుంది. ఆకలి ఇంకా నిలబడాలంటే రెండు స్పూన్ల పుట్నాల పొడి కలపండి, చిక్కబడుతుంది, కొంచెం ప్రోటీన్ కూడా. సబ్జా గింజలు వేస్తే ముందే నానబెట్టాలి.

బటర్ ఫ్రూట్ (అవకాడో) గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో అది దొరకని జ్యూస్ షాపు లేదు. కౌంటర్ దగ్గర నిలబడి చూడండి. అబ్బాయి పండును నిలువునా కోసి గింజ తీసి, స్పూనుతో గుజ్జు మొత్తం ఒక్క ఊపులో గీకి జార్‌లో వేస్తాడు. ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన పాల ప్యాకెట్ తీసి గట్టుకేసి కొట్టి ఆ పెచ్చులు వేస్తాడు. తర్వాత చక్కెర డబ్బాలో గరిటె ముంచుతాడు, ఆ గరిటె మన టీ స్పూనుకు మూడు నాలుగు రెట్లు. ‘సక్కరె బేడ’ (చక్కెర వద్దు) అని కన్నడంలో చెప్పాల్సింది సరిగ్గా ఆ క్షణానికి ముందు. వంద గ్రాముల బటర్ ఫ్రూట్‌లో 160 కేలరీలు, 15 గ్రాముల కొవ్వు, 6 గ్రాములు దాటిన పీచు ఉంటాయి. మంచి కొవ్వే, కడుపూ నిలుస్తుంది. పావు పండు వేస్తే చాలు, కీరా టమాటాల స్మూతీకి పాలు లేకుండానే వెన్నలాంటి చిక్కదనం వస్తుంది. పండంతా వేసి, పాలు పోసి, చక్కెర కలిపితే అది మిల్క్‌షేక్, దాన్ని మిల్క్‌షేక్ అనుకునే సంతోషంగా తాగాలి.

సొరకాయ దగ్గర మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. కేలరీలు చాలా తక్కువ కాబట్టి బరువు తగ్గాలనుకునేవాళ్లు దాన్ని పచ్చిగా రసం తీస్తుంటారు. సొరకాయ, దోస కుటుంబంలో కుకుర్బిటసిన్లు అనే చేదు విషాలు ఉంటాయి. సాగులో ఉన్న రకాల్లో అవి దాదాపు ఉండవు, అప్పుడప్పుడూ ఏదో ఒక కాయలో ఎక్కువవుతాయి. 2010లో ఢిల్లీలో చేదు సొరకాయ రసం తాగిన ఒకాయన చనిపోయాక భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి సలహాలిచ్చింది. రసం తీసేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి, చేదుంటే కాయ మొత్తం పారేయాలి. సొరకాయ రసాన్ని ఇంకే రసంతోనూ కలపకూడదు. తాగాక వాంతులు, విరేచనాలు, కడుపులో ఇబ్బంది మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, విరుగుడు మందు లేదు. కలపొద్దనడంలో అర్థం ఏమిటంటే, పండ్ల తీపి ఆ చేదును కప్పేస్తుంది. స్మూతీ చేసేది కలపడానికే కాబట్టి పచ్చి సొరకాయను మిక్సీకి దూరంగా ఉంచి పప్పులోనో కూరలోనో వేసుకోవడమే నయం. కూరకు కోసేటప్పుడు కూడా ఒక ముక్క రుచి చూడాల్సిందే, ఎందుకంటే ఉడికించినా ఆ చేదు విషం పోదు. కీరా చివర్లు చేదుగా ఉంటే కోసి పారేస్తాం కదా, మరీ చేదైతే కాయంతా పారేయండి.

పాలకూర గురించి రెండు ముక్కలు. అందులో ఆక్సలేట్ ఎక్కువ, మూత్రపిండాల్లో రాళ్లకు ముడిసరుకు అదే. అమెరికాలో ఒక 65 ఏళ్ల మహిళ, అంతకుముందే బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నావిడ, కొన్నాళ్లు ఆకుకూరల స్మూతీలతో ‘క్లెన్స్’ చేసి మూత్రపిండాలు పాడు చేసుకున్న సంగతి 2018లో వైద్య పత్రికలో వచ్చింది. ఒక పిడికెడు వేసుకుంటే ఫరవాలేదు. రోజూ కట్టలు కట్టలు పచ్చిగా తాగడమే ప్రమాదం. ఉడికించి నీళ్లు వంపేస్తే ఆక్సలేట్ కొంత తగ్గుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొటాషియం వల్ల కూడా ఈ గ్లాసుల గురించి డాక్టర్‌ను అడిగి తీరాలి. వాళ్లు స్టార్ ఫ్రూట్ అసలే ముట్టకూడదు, అందులోని విషపదార్థం మెదడు మీద పనిచేస్తుంది.

ఎంత తాగాలన్నదానికి బ్రిటన్ ఆరోగ్య శాఖ లెక్క ఒకటుంది. పండ్ల రసం, స్మూతీ రెండూ కలిపి రోజుకు 150 మిల్లీలీటర్లు దాటొద్దంటుంది. మన జ్యూస్ షాపు గ్లాసు దానికి రెట్టింపు. మజ్జిగ, కీరాలతో చేసుకున్న గిన్నె పెద్దదైనా దాన్ని వేరేగా చూడొచ్చు, ఎందుకంటే అందులో పండు వంద గ్రాములే. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు, 100 గ్రాముల పండ్లు తినమన్న కొలతకు కూడా ఇది సరిపోతుంది. ఆ గిన్నె ఉదయం రెండు మసాలా దోశెల బదులు తింటే పనిచేస్తుంది. దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, దోశె తిని, ఫిల్టర్ కాఫీ తాగి, ఆఫీసుకెళ్లాక పదకొండింటికి తింటే పైన ఇంకో 150 కలిసినట్టే.