బెల్ట్ క్లిక్ అయిందా సరే, ఎక్కడ కూర్చుంది?

నేను సీట్ బెల్ట్ డిజైన్‌లో ఉన్నానని తెలిస్తే చాలు, కాస్త లావుగా ఉన్నవాళ్ళు పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడుగుతారు, ఏ ఎక్స్‌టెండర్ (బెల్ట్ పొడవు పెంచడానికి తగిలించే అదనపు ముక్క) కొనమంటారండీ అని. సిగ్గుపడాల్సింది మీరు కాదండీ బాబూ. క్రాష్ టెస్టుల్లో ఎక్కువగా కూర్చోబెట్టే మగ డమ్మీ బరువు దాదాపు 78 కిలోలే, అమెరికా రూల్ కూడా 98 కిలోల లోపు మనిషికి బెల్ట్ సరిపోవాలి అని ఆగిపోతుంది.

అపోహ: క్లిక్ పడితే ఫిట్ అయినట్టే.

వాస్తవం: కాదు, ప్రాణాల మీదకి తెచ్చేది ఇదే. కింది బెల్ట్ పట్టుకోవాల్సింది తుంటి ఎముకల్ని, పొట్టని కాదు. పొట్ట మీదుగా పెడితే గుద్దుకున్నప్పుడు ముందు ఆ మెత్తదనం అంతా నొక్కుకుపోవాలి, ఈలోపు మనిషి బెల్ట్ కిందనుంచి ముందుకి జారతాడు, దెబ్బ పేగుల మీద పడుతుంది. ఇలా జారడాన్నే మేం సబ్‌మెరైనింగ్ అంటాం.

మా పిన్ని ఆన్‌లైన్‌లో ఎక్స్‌టెండర్ కొనుక్కుంది, చూస్తే బకిల్ సరిగ్గా బొడ్డు మీద. తీయించేసి, సీటు నిటారుగా పెట్టి, "వెనక్కి ఆనుకో పిన్నీ, ఒక చేత్తో పొట్ట ఎత్తు, బెల్ట్‌ని కిందకి, తొడ మొదట్లోకి లాగు, ఇప్పుడు భుజం దగ్గర లాగి వదులు తియ్యి" అన్నా. ఎక్స్‌టెండర్ లేకుండానే పట్టింది, ఇంకా జానెడు మిగిలింది కూడా! పొట్ట పైనుంచి వెళ్తే చుట్టుదారి కదా, అందుకే అన్నాళ్ళూ చాల్లేదు.

అలా పెట్టినా అందకపోతే ఎక్స్‌టెండర్ తప్పదు, కానీ మీ మోడల్‌కి కార్ కంపెనీ ఇచ్చేదే తీసుకోండి, వేరేది క్లిక్ అన్నా లోపల సరిగ్గా పట్టకపోవచ్చు. బకిల్ తుంటి పక్కన ఉండాలి, పొట్ట మధ్యకి రాకూడదు. మీరు దిగాక తీసెయ్యండి, దాన్ని అక్కడే వదిలేస్తే బెల్ట్ పెట్టుకోకపోయినా కారు పెట్టుకున్నారనే అనుకుంటుంది.

అపోహ: ఇంకో అర మీటరు ఇస్తే కంపెనీ సొమ్మేం పోయింది?

సొమ్ము సంగతి ఒకటైతే, పొడవు పెరిగితే లోపల చుట్ట లావవుతుంది, బెల్ట్‌ని చుట్టుకునే రిట్రాక్టర్ తలుపు పక్కనుండే పిల్లర్‌లో (స్తంభంలో) పట్టదు, పైగా చుట్ట ఎంత లావైతే గుద్దుకున్నప్పుడు అది బిగుసుకుంటూ అంత బెల్ట్ బయటికి వదులుతుంది. మా కుస్తీ అంతా దీంతోనే.

బరువుకి తెగిపోతుందా? యూరప్ రూల్ ప్రకారం ఆ పట్టీ కనీసం ఒకటిన్నర టన్నుల లాగుడికి ఆగాలి, కాబట్టి ఆ భయం వదిలెయ్యండి. మెల్లగా లాగితే లాక్ అవ్వట్లేదా? అవ్వకూడదు కూడా, ఒక్కసారి గట్టిగా గుంజి చూడండి.